జూలో మనం చూసేవాళ్ళమేనా?

అక్టోబరు మొదటి వారం దగ్గర పడితే బడులకు వన్యప్రాణి వారోత్సవాల కబురు వస్తుంది. 2వ తేదీ నుంచి 8వ తేదీ దాకా వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం, క్విజ్ పోటీలు జరుగుతాయి. గెలిచిన పిల్లలకు సర్టిఫికెట్లు ఇస్తారు. జూలలో సభలు పెడతారు. ఇక చలికాలం వచ్చిందంటే విహారయాత్రలు మొదలవుతాయి. చిలమకూరు, యర్రగుంట్ల చుట్టుపక్కల బడులకైనా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు బడులకైనా జూ అంటే తిరుపతి జూనే. యర్రగుంట్లలో రైలెక్కితే కడప, రాజంపేట, రేణిగుంట దాటి తిరుపతి చేరుకోవచ్చు. లేదంటే బస్సు మాట్లాడుకొని తెల్లవారకముందే బయలుదేరాలి.

ఈ కార్యక్రమాల గురించి గిరిజన ఉపాధ్యాయులుగా మేము కొన్ని మాటలు చెప్పదలచుకున్నాం. మేము జూలకు వ్యతిరేకులం కాము. 1987లో మొదలైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల శేషాచలం కొండల పాదాల దగ్గర ఐదున్నర వేల ఎకరాల పైచిలుకు విస్తీర్ణంలో ఉంది. సింహాన్ని, ఏనుగును, నీటిగుర్రాన్ని పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన పిల్లవాడు అక్కడ వాటి ఒంటి వాసన పీలుస్తాడు, అరుపు వింటాడు. ఆ అనుభవాన్ని మా తరగతి గదిలో మేము ఇవ్వలేము. అందుకే పిల్లలను తీసుకుపోతున్నాం, ఇక ముందూ తీసుకుపోతాం.

అయితే జూ చదువు అనేది సందర్శకుల మీద చూపే దయ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి తర్వాత చేసిన సవరణతో 1992లో కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1998లో జాతీయ జంతు ప్రదర్శనశాలల విధానం వచ్చింది. జంతువులను బోనులో పెట్టి చూపించడం ఒక్కటే జూ పని కాదని, వన్యప్రాణుల మీద జనానికి ప్రేమ, అవగాహన కలిగించడం కూడా దాని బాధ్యతేనని ఆ విధానం చెబుతుంది. బాధ్యత అన్నాక అది ఎలా నెరవేరుతున్నదో అడిగే హక్కు ఉపాధ్యాయులకు ఉంటుంది. మేము అడిగే ప్రశ్న ఒకటే: ఈ చదువులో చెప్పేవాళ్ళు ఎవరు, వినేవాళ్ళు ఎవరు?

ముందు పోటీల సంగతి చూద్దాం. వన్యప్రాణుల రక్షణ మీద బొమ్మ గీయమని చెప్పి, తరగతిలో నలభై మంది పిల్లలకు కాగితాలు ఇవ్వండి. అందులో చాలా బొమ్మల్లో ఒక చెట్టు, ఒక జింక, ఒక వేటగాడు ఉంటారు. ఆ వేటగాడు నల్లగా ఉంటాడు. మొలకు గోచి, చేతిలో విల్లో ఈటెనో ఉంటుంది. జింక కంట్లో నీళ్ళు ఉంటాయి. ఎవరూ చెప్పకపోయినా పిల్లలు అలాగే గీస్తారు. కథల పుస్తకాలు, గోడ మీది బొమ్మలు, సినిమాలు వాళ్ళకు ఆ రూపాన్నే ఇచ్చాయి. అదే తరగతిలో ఒక యానాది పిల్ల, ఒక నక్కల పిల్లవాడు కూర్చొని ఉంటారు. ఆ బొమ్మలోని మనిషి తమ జేజినాయనలాగే ఉన్నాడని వాళ్ళకు తెలుస్తుంది. పక్కనున్న పిల్లలకూ తెలుస్తుంది. ఎవరూ ఏమీ అనకపోయినా ఆ రోజు ఆ ఇద్దరూ నేర్చుకునే పాఠం వేరు. ఇంటి దగ్గర జరిగేది బడిలో చెప్పకూడదని వాళ్ళు నేర్చుకుంటారు. ఆ తర్వాత ఉడుము గురించి అడిగినా, కంజు పిట్ట గురించి అడిగినా తెలియదనే అంటారు. తెలిసినదాన్ని తెలియదనడం నేర్పిన చదువు ఏ చదువు?

అడవులు ఖాళీ అయిన కథలో అసలు పాత్రధారులు ఎవరో కూడా పిల్లలకు చెప్పాలి. మన దేశంలో చివరి మూడు చీతాలను 1947లో కాల్చినది కొరియా సంస్థానం రాజు అని చరిత్రలో నమోదైంది. 1952లో చీతా మన దేశంలో లేదని ప్రకటించారు. పులులను వందల లెక్కన కాల్చి, చర్మాలు గోడలకు తగిలించి, ఫోటోలు దిగినవాళ్ళు రాజులు, జమీందారులు, తెల్లదొరలు. అడవిని నరికి రైలు పట్టాల కింద పరిచినదీ వాళ్ళే. ఆ దొరలే మన జాతుల్లో కొన్నింటిని పుట్టుకతోనే నేరస్థులన్నారు. 1871లో ఉత్తరాదిలో మొదలైన ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వాళ్ళ మీద, మరికొన్ని జాతుల మీద పడింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లోనే. చట్టం పోయినా పిల్లల బొమ్మల్లో ఆ ముద్ర మిగిలే ఉంది. చిత్రలేఖనం పోటీలో ఇంతవరకు తుపాకి పట్టిన రాజు బొమ్మ ఒక్కటి కూడా మా కంటబడలేదు.

ఇలా అన్నామని మనవాళ్ళ తప్పులు దాచిపెట్టడం లేదు. ఉడుమును, నక్షత్ర తాబేలును, అలుగును పట్టి దళారులకు అమ్మినవాళ్ళు మనలోనూ ఉన్నారు. అది నేరమే. అలుగు పొలుసులకు విదేశాల్లో పలికే ధరలో పట్టినవాడికి దక్కేది చిల్లర, జైలు మాత్రం మొత్తం అతనిదే. ఈ సంగతి మన యువకులకు మనమే గట్టిగా చెప్పాలి. కానీ తప్పు చేసినవాణ్ణి తప్పు చేశావనడం ఒకటి, ఒక జాతి రూపాన్నే తప్పుకు గుర్తుగా గీయడం మరొకటి. ఈ తేడా పోటీ పెట్టేవాళ్ళకు తెలియాలి.

ఇక బోర్డుల సంగతి. ఏ జూలోనైనా బోను ముందు ఒక బోర్డు ఉంటుంది. జంతువు పేరు, శాస్త్రీయ నామం, ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది. ఇవి కావలసినవే. పిల్లలు వాటిని నోటుపుస్తకంలో రాసుకుంటారు, మరుసటి వారానికి మరిచిపోతారు. ఎందుకంటే ఆ సమాచారంలో మనిషి లేడు. ఆ సంగతులు ఎవరు ఎలా కనుక్కున్నారు, ఏమి చూసి కనుక్కున్నారు అనేది బోర్డులో కనిపించదు.

మన పెద్దల తెలివి అంతా ఆ 'ఎలా'లోనే ఉంది. యానాది పెద్దాయన పొలం గట్టు మీద ఎలుక బొక్కను చూస్తాడు. మూతి దగ్గర మన్ను తడిగా, కొత్తగా ఉందా, ఎండి రాలిందా? బొక్క ముందు వెన్నుల ముక్కలు పడి ఉన్నాయా? సాలెగూడు అల్లుకుందా? లోపల ఎలుక ఉందో లేదో, ఉంటే రెండో దారి ఎటువైపు ఉంటుందో, గింజలు దాచిన అర ఎంత లోతులో ఉంటుందో తవ్వకముందే చెబుతాడు. అదే బొక్కలో పాము దూరి ఉంటే మూతి దగ్గర మన్ను తీరు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. చూడడం, పోల్చడం, ఊహించడం, తవ్వి సరిచూసుకోవడం, తప్పైతే దిద్దుకోవడం: ఉపాధ్యాయ శిక్షణలో మాకు శాస్త్రీయ పద్ధతి అని నేర్పింది ఇదే. మేము దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాం. ఆయన కడుపు కోసం నేర్చుకున్నాడు.

మన జిల్లాలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. అది కలివి కోడి. కలివి పొదలున్న చిట్టడవిలో రాత్రిపూట తిరిగే పక్షి. 1848లో జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు దాన్ని లోకానికి తెలియజేశాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తర్వాత మళ్ళీ ఎవరికీ కనిపించలేదని పుస్తకాలు రాసుకున్నాయి. ఎనభై ఐదేళ్ళ పాటు అది అంతరించిన పక్షి కిందే లెక్క. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు మన కడప అడవులకు వచ్చి, బొమ్మ చూపించి, ఊళ్ళలో విచారించారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున రెడ్డిపల్లె దగ్గర, పిట్టలు పట్టే ఐతన్న రాత్రివేళ దివిటీ వెలుగులో ఆ పక్షిని కనిపెట్టి పట్టుకున్నాడు. పక్షి శాస్త్రవేత్తలందరూ ఆశ్చర్యపోయారు. దాని వల్లనే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ దాని ఆవాసం గుండా పోబోతే అభ్యంతరాలు వచ్చి, కాలువ దారి మళ్ళించవలసి వచ్చింది.

ఈ కథలో పిల్లలకు నేర్పవలసిన పాఠాలు మూడున్నాయి. మొదటిది, పుస్తకం లేదన్న పక్షిని పల్లె మనిషి ఉందని చూపించాడు. రెండోది, పట్టుబడిన ఆ పక్షి బతకలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత దొరికినది మనిషి చేతిలో కొద్ది రోజులకే చనిపోయింది. ప్రతి ప్రాణినీ బోనులో పెట్టి కాపాడలేమని, కొన్నింటికి వాటి పొదలే ఇల్లని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ జూలోనూ దొరకదు. మూడోది పేరు సంగతి. ఆంగ్లంలో ఆ పక్షి పేరులో జెర్డాన్ ఉన్నాడు. తెలుగులో దాని పేరులో కలివి పొద ఉంది. ఐతన్న ఎక్కడా లేడు. కడప జిల్లా బడిపిల్లలు జెర్డాన్ పేరుతో పాటు ఐతన్న పేరు కూడా నేర్చుకోవద్దా? వారోత్సవాల్లో ఏడు రోజులున్నాయి. మన నాలుగు జిల్లాల పిల్లలు వచ్చే జూలో అందులో ఒక రోజును కలివి కోడి రోజుగా జరిపితే ఖర్చేమీ కాదు.

తిరుపతి జూకు ఒక ప్రత్యేకత ఉంది. మన పురాణాల్లో, సంస్కృతిలో వచ్చే జంతువుల నేపథ్యంతో దాన్ని రూపొందించారు. ఈ ఆలోచన బాగుంది. కానీ పురాణం అన్నాక అందులో అడవి మనుషులు కూడా ఉన్నారు. తిరుపతికి కూతవేటు దూరంలో శ్రీకాళహస్తి ఉంది. అక్కడ కన్నప్ప వేటగాడే. శివుడికి మాంసం పెట్టి, కన్ను పెకిలించి ఇచ్చినవాడు. ఆయనది మన రాజంపేట దగ్గరి ఊటుకూరని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడి చెంచుల అల్లుడయ్యాడు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకీ ఊరూరా తిరుగుతుంది, చెంచులు దాని మీదికి బాణాలు వేస్తారు. అది అవమానం కాదు, అత్తగారింటి మర్యాద. వందల ఏళ్ళుగా నడిచే ఆ ఉత్సవంలో చెంచుకు ఒక పని ఉంది, ఒక స్థానం ఉంది. ఆయన లేకపోతే ఉత్సవం సాగదు. మన జూల కార్యక్రమాల్లో అలాంటి స్థానం ఎక్కడుంది? భక్తుడైన వేటగాడికి గుడిలో చోటిచ్చాం, తెలిసిన వేటగాడికి జూలో చోటివ్వలేకపోతున్నాం.

చోటు ఇవ్వడమంటే డప్పు కొట్టించి, నాట్యం ఆడించి, అతిథులకు పూలు ఇప్పించి, ఆ తర్వాత వెనక వరుసలో కూర్చోబెట్టడం కాదు. ఈ మాట కొంచెం కటువుగా అంటున్నామంటే కారణం ఉంది. జూల చరిత్రలో ఒక చీకటి పుట ఉంది, మన యువకులు అది తెలుసుకోవాలి. 1906లో అమెరికాలోని న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఆఫ్రికా కాంగో అడవులకు చెందిన ఓటా బెంగా అనే యువకుణ్ణి కోతుల భవనంలో ఒరాంగుటాన్ పక్కన ఉంచి జనానికి చూపించారు. వేలాది మంది వచ్చి చూశారు. నల్లజాతి పాస్టర్లు ఎదిరిస్తే బయటికి వదిలారు. సొంత దేశానికి పోలేక 1916లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ జూను నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో. అంటే నూట పద్నాలుగు ఏళ్ళకు. ఇది పరాయి దేశపు పాత కథ అనుకోవద్దు. అండమాన్‌లో జారవాల అడవి గుండా పోయే రోడ్డు మీద బండ్లు ఆపి, తిండి ఆశ చూపి, వాళ్ళ చేత నాట్యం ఆడించిన వీడియో 2012లో బయటపడింది. అక్కడ కూడా చూసేవాళ్ళు ఉన్నారు, చూపబడేవాళ్ళు ఉన్నారు.

మన జూలు అలాంటివని మేము అనడం లేదు. మన జూలలో ఆదివాసీని ఎవరూ బోనులో పెట్టలేదు. కానీ ఆదివాసీ అంటే చూడవలసినవాడే తప్ప వినవలసినవాడు కాదన్న అలవాటు ఇంకా పోలేదు. దాన్ని పోగొట్టే పని జూలే మొదలుపెడితే వాటి గౌరవం పెరుగుతుంది.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్ళకు మన పక్క రాష్ట్రం జవాబు చెబుతుంది. తమిళనాడులో ఇరుళులు అనే ఆదివాసులు ఉన్నారు. పాములు పట్టి చర్మాలు అమ్ముకొని బతికేవాళ్ళు. 1972 చట్టం తర్వాత ఆ వ్యాపారం మూతపడి వాళ్ళ బతుకు రోడ్డున పడింది. 1978లో వాళ్ళ కోసం పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర మొసళ్ళ పార్కు ఆవరణలో వాళ్ళ కేంద్రం ఉంది. అనుమతితో పాములు పట్టి, కొన్నాళ్ళు కుండల్లో ఉంచి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. వచ్చిన సందర్శకుల ముందు ఇరుళ మనిషి నిలబడి, ఇది నాగు, ఇది కట్లపాము, ఇది రక్తపింజరి, ఇది చిన్న పింజరి అని చూపి, విషం తీసి చూపిస్తాడు. అక్కడ గురువు ఆయన. డిగ్రీలున్నవాళ్ళు కూడా వచ్చి వింటారు. ఆ జాతికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

మన దేశంలో పాముకాటు మందు తయారు చేయడానికి వాడే విషంలో ఎక్కువ భాగం ఆ ఇరుళులు తీసినదే. జమ్మలమడుగు, పులివెందుల నల్లరేగళ్ళలో శనగ పైరు కోసే కూలీకో, నాపరాయి గనిలో రాయి ఎత్తే మనిషికో పాము కరిస్తే ఆసుపత్రిలో ఎక్కించే మందు ఒక ఆదివాసీ చేతిలో మొదలైంది. ఈ ఒక్క సంగతి తరగతిలో చెప్పి చూడండి. తల వంచుకొని కూర్చున్న యానాది పిల్లవాడు తల ఎత్తుతాడు. ఇదే పాఠంలో మనవాళ్ళకు చెప్పవలసిన చేదు నిజమూ ఉంది. పాము కరిస్తే మంత్రం వేయించి, తాయెత్తు కట్టించి, పసరు పోయించి, చివరికి ఆసుపత్రికి పోతే ప్రాణం నిలవదు. పామును పట్టే తెలివి మనదే, కాటుకు మందు మాత్రం ఆసుపత్రిలోనే ఉంది. రెండూ కలిపి చెప్పగలిగినవాడే నిజమైన గురువు.

దూరం పోనవసరం లేదు, మన నల్లమలలోనే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచు యువకులు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో పనిచేస్తున్నారు. పులి అడుగు చూసి అది ఎటు పోయిందో చెబుతారు. జూలై 29న పులుల దినం జరిపినప్పుడు జూ వేదిక మీద అలాంటి చెంచు యువకుడు ఒక అరగంట మాట్లాడితే పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో ఊహించండి. పులి బోనులో ఉంటే చూడడానికి భయం లేదు. అది తిరిగే అడవిలో రాత్రి కాపలా కాసినవాడి మాట వింటే పిల్లలకు పులి అసలు ఏమిటో తెలుస్తుంది.

ఇంకొక కష్టం ఉంది, అది డబ్బుది. జూ లోపలి టికెట్టు పిల్లలకు తక్కువే. కానీ చిలమకూరు నుంచి తిరుపతికి బస్సు కిరాయి, రెండు పూటల తిండి లెక్క వేస్తే కూలి ఇంటికి అది భారం. యాత్రకు పేర్లు ఇమ్మన్నప్పుడు ముందుగా వెనక్కి తగ్గేవాళ్ళు మన పిల్లలే. డబ్బు లేదని చెప్పరు, కడుపునొప్పి అంటారు. అమ్మానాన్నలతో పనికి వలస పోయిన పిల్లల పేరు హాజరు పట్టీలో ఉంటుంది కానీ బస్సులో ఉండదు. జంతువుల దత్తత పథకం పెట్టి పులికీ ఏనుగుకూ దాతలను వెతికే జూలు, ఒక బడిని ఒక రోజు దత్తత తీసుకొమ్మని కూడా దాతలను అడగవచ్చు. అదీ కుదరకపోతే జూయే పల్లెకు రావచ్చు. జంతువులను తేనక్కరలేదు. ఒక జూ వైద్యుడు, ఒక జీవశాస్త్రజ్ఞుడు వచ్చి, ఊరి యానాది పెద్దను పక్కన కూర్చోబెట్టుకొని పాముల గురించి ఒక పూట మాట్లాడితే చాలు.

ఇక మన పని. జూ మారేదాకా ఆగనక్కరలేదు. యాత్రకు పోయే ముందు వారం పిల్లలను ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రమ్మందాం: మన ఊరి చుట్టూ ముందు ఏ జంతువులు ఉండేవి, ఇప్పుడు ఏవి లేవు, ఎందుకు పోయాయి? వాటిని మీ ఇంటి మాటలో ఏమంటారు? ఎరుకల ఇంట్లో ఒక పేరు, సుగాలి తండాలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు, శాస్త్రంలో ఒక పేరు. నాలుగూ ఒకే వరుసలో నల్లబల్ల మీద రాద్దాం. జూకు పోయినప్పుడు అక్కడి బోర్డు చూసి, ఇందులో లేనిది మనకేమి తెలుసు అని పిల్లలనే అడుగుదాం. తిరిగి వచ్చాక వాళ్ళ చేత ఒక బోర్డు రాయించి బడి గోడకు తగిలిద్దాం. చిత్రలేఖనం పోటీకి పంపేటప్పుడు వేటగాడి బొమ్మ వచ్చిందంటే చింపవద్దు, తిట్టవద్దు. ఇతని పేరేమిటి, ఇతనికి ఏమి తెలుసు, అడవిలో ఇతను ఎందుకున్నాడు అని అడుగుదాం. జవాబు చెప్పే పిల్లవాడు మన తరగతిలోనే ఉంటాడు.

జూ వారిని మేము కోరేది కూడా పెద్దది కాదు. మీ వారోత్సవాల న్యాయనిర్ణేతల్లో ఒక్కరు ఆదివాసీ ఉండాలి. మీ బోర్డుల మీద స్థానిక పేర్లు ఉండాలి. మీ వేదిక మీద మా పెద్దలకు డప్పు కాదు, మైకు ఇవ్వండి. మా పిల్లలు మీ దగ్గరికి నేర్చుకోవడానికి వస్తున్నారు, వస్తూనే ఉంటారు. కానీ వాళ్ళు ఖాళీ చేతులతో రావడం లేదు. వాళ్ళ దగ్గర ఏముందో ఒక్కసారి అడగండి.